మిషిగన్ నుంచి మన వాకిలి దాకా – వృద్ధాప్య పరిశోధన కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి వ్రాయడానికి నాకంటె సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై ఆరేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసిన నాకు తెలిసిందల్లా ఒకటే: ఏ కాగితం ఎక్కడ పుట్టింది, ఎన్ని బల్లల మీదుగా వచ్చింది, చివరికి ఎవరి చేతికి అందింది అని వెతకడం. ఆ అలవాటుతోనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ముసలితనం అంటే ఏమిటో తెలుసుకోవడానికి నాలుగైదు దేశాల విశ్వవిద్యాలయాలు చేతులు కలిపి నడిపిన ఒక పెద్ద దస్త్రం కథ ఇది. ఆ దస్త్రంలోని ఒక కాగితం మా ఇంటికి చాలా ఏళ్ళు ఆలస్యంగా చేరింది. దాని సంగతి కూడా దాచకుండా చెబుతాను.

జీవో చెప్పిన ముసలితనం

మనిషి ఎప్పుడు ముసలివాడవుతాడు? మన ఉద్యోగులకైతే జుట్టు నెరిసినప్పుడు కాదు, జీవో వచ్చినప్పుడు. 1983 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించిన సంగతి పాతవారెవరూ మరిచిపోలేదు. అప్పుడు నాకు ముప్పై నాలుగో ఏడు. మా సెక్షనులో ముందురోజు దాకా చలాకీగా ఫైళ్ళు తిరగేసిన పెద్దవారు మర్నాటికి 'వృద్ధులు' అయిపోయారు. తరువాత మళ్ళీ 58 చేశారు. నేను ఆ లెక్కన 30-6-2007న దిగిపోయాను. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60 అయింది, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. మనుషులు అవే, శరీరాలు అవే, మారినది అంకె ఒక్కటే.

విచిత్రమేమంటే అదే 1983లో అమెరికా ప్రభుత్వం దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్ళింది. వారి సోషల్ సెక్యూరిటీ పెన్షను పూర్తిగా అందే వయసును 65 నుంచి క్రమక్రమంగా 67కి పెంచుతూ చట్టం చేసింది. ఇక్కడ తగ్గించారు, అక్కడ పెంచారు. కాని అక్కడివారికి వెంటనే ఒక ప్రశ్న వచ్చింది. అరవై ఏడేళ్ళ దాకా పనిచేసే ఓపిక జనానికి ఉందా? ముందే మానేస్తే దేనితో బ్రతుకుతారు? భార్యకో భర్తకో జబ్బు చేస్తే ఉద్యోగం ఏమవుతుంది? డాక్టర్ల దగ్గర రోగాల లెక్క ఉంది, ఆర్థికవేత్తల దగ్గర డబ్బు లెక్క ఉంది, సంఘశాస్త్రం వారి దగ్గర కుటుంబాల లెక్క ఉంది. ఒకే మనిషికి సంబంధించిన ఈ మూడు లెక్కలూ ఒకచోట దొరకడం మాత్రం కష్టమే.

ఆ లోటు తీర్చడానికి మిషిగన్ విశ్వవిద్యాలయం 1992లో ఒక సర్వే మొదలుపెట్టింది. పేరు హెల్త్ అండ్ రిటైర్మెంట్ స్టడీ. 1931 నుంచి 1941 లోపు పుట్టినవారినీ, వారి భార్యాభర్తలనూ కలిపి పన్నెండు వేలకు పైగా మందిని ఎంచుకున్నారు. రెండేళ్ళకొకసారి మళ్ళీ ఆ మనుషుల దగ్గరికే వెళ్ళి, ఆరోగ్యం, ఆదాయం, కుటుంబం, జ్ఞాపకశక్తి అన్నీ అడగసాగారు. ఖర్చు భరించినది అక్కడి ప్రభుత్వ సంస్థ అయిన వృద్ధాప్య జాతీయ సంస్థ, దానికి తోడు సోషల్ సెక్యూరిటీ శాఖ.

హాజరు పట్టీ, సర్వీసు రిజిస్టరు

దీని ప్రత్యేకత మన భాషలో చెబితే సులువుగా తెలుస్తుంది. మామూలు సర్వే హాజరు పట్టీ లాంటిది. ఆ రోజు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది మాత్రమే చెబుతుంది. మన దేశంలోనూ నేషనల్ శాంపుల్ సర్వే వారు 1986–87లో, 1995–96లో, 2004లో వృద్ధుల స్థితిగతులు సేకరించారు. అవి విలువైనవే. కాని ఒకసారి అడిగిన ముసలమ్మను మరోసారి అడగలేదు. మిషిగన్ వారిది అలాకాదు, సర్వీసు రిజిస్టరు. మనిషి చేరినప్పటినుంచి ఏ సంవత్సరం ఏమి జరిగిందో వరుసగా ఎంట్రీలు పడుతూ ఉంటాయి. మోకాళ్ళ నొప్పి ముందు వచ్చిందా, ఉద్యోగం ముందు పోయిందా? భార్య పోయిన తరువాత మతిమరుపు వచ్చిందా, అంతకు ముందే ఉందా? హాజరు పట్టీ చూసి ఇలాంటివి చెప్పలేం. సర్వీసు రిజిస్టరు తిరగేస్తే చెప్పగలం.

ఈ పద్ధతి చూసి ఇతర దేశాల విశ్వవిద్యాలయాలు కూడా ముందుకు వచ్చాయి. మెక్సికోలో 2001లో, ఇంగ్లండులో లండన్ యూనివర్సిటీ కాలేజి వారి ఆధ్వర్యంలో 2002లో, ఐరోపాలో పదకొండు దేశాలు కలిసి 2004లో, కొరియాలో 2006లో, జపానులో 2007లో మొదలైంది. చైనాలో పెకింగ్ విశ్వవిద్యాలయం వారిది 2011లో ప్రారంభమైంది. అందరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వీలైనంతవరకు ఒకే ప్రశ్నలు, ఒకే కొలతలు ఉండాలి. అప్పుడే ఒక దేశపు వృద్ధుడిని మరో దేశపు వృద్ధుడితో పోల్చగలం. తమ దగ్గర చేరిన సమాచారంలో పేర్లు, చిరునామాలు తీసివేసి ఇతర పరిశోధకులకు కూడా ఇవ్వాలి. దాచుకున్న ఫైలుకు విలువ లేదని మనకు తెలియనిదా!

ఆలోచన బాగుంది. కాని 'ఒకే ప్రశ్నలు' అన్నచోట చిక్కు ఉంది. అది తెలియాలంటే మన ఊళ్ళలో వయసు లెక్క ఎలా ఉండేదో కాస్త చెప్పాలి.

జూలై ఒకటిన పుట్టినవాళ్ళం

మన సంఘ సభ్యత్వ పుస్తకం తెరిచి చూడండి. జూలై 1న పుట్టినవారు ఎందరు కనిపిస్తారో! బళ్ళో వేసిననాడు హెడ్మాస్టరు గారికి తోచిన తేదీ అది. నా పుట్టిన తేదీ సర్వీసు రిజిస్టరులో 1-7-1949. నాకంటె పదేళ్ళు పెద్దదైన మా అక్కయ్య మాత్రం ఆ మాట వినబడితే నవ్వేది. "జూలై ఏమిట్రా, నువ్వు కార్తీక బహుళ పంచమి నాడు పుట్టావు. వరి కోతలు ఇంకా మొదలు కాలేదు. మంత్రసానికి దీపం పట్టుకున్నది నేనే" అనేది. ఆ లెక్కన నేను నవంబరువాణ్ణి. నాకు రావలసిన నాలుగైదు నెలల జీతం హెడ్మాస్టరు గారి కలంలో పోయింది.

1981 జనాభా లెక్కలకు నన్ను ఎన్యూమరేటరుగా వేశారు. 'వయసు' అనే గడి దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఇంట్లో ఇదే తంతు. "నాకేం తెలుసు బాబూ, నువ్వే చూసి వేసుకో" అనేవారు పెద్దవాళ్ళు. "స్వాతంత్ర్యం వచ్చేనాటికి మీకు పెళ్ళయిందా? దివిసీమ ఉప్పెన నాటికి మనవలు ఉన్నారా?" అని అడిగి ఒక అంకె వేసేవాణ్ణి. పొద్దుపోతున్న కొద్దీ 60, 65, 70 అని గుండ్రంగా వేసేసిన ఇళ్ళు కూడా ఉన్నాయి. మన జనాభా లెక్కల్లో సున్నతో, అయిదుతో ముగిసే వయసులవారు ఎక్కువగా ఉంటారని జనాభా శాస్త్రజ్ఞులు ఎప్పుడో పట్టుకున్నారు. ఆ తప్పులో నా వాటా నాకుంది.

తేదీ తెలియని మనిషికి కాలం తెలియదని అర్థమా? కాదు. ఆ మనిషి కాలాన్ని వేరే పుస్తకంలో వ్రాసుకుంది. ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో మా ఇంట్లో జరిగింది.

"ఏ వందలోంచి నాయనా?"

మా అక్కయ్య బడికి వెళ్ళలేదు. నలభై ఏళ్ళు పాలు పోసింది. గోడమీద సుద్దగీతలే ఆమె ఖాతా పుస్తకం. ఎవరింటికి ఎన్ని శేర్లు పోసిందో, ఎవరు ఎంత బాకీయో నోటితో చెప్పేది. ఒక్కనాడూ తేడా వచ్చిందన్న మాట వినలేదు. బావగారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరుగా చేసి పోయారు. ఆయన తరువాత వచ్చే ఫ్యామిలీ పెన్షను ఆమె చేతి ఖర్చు.

2009లో పెరట్లో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగితే పట్నంలో ఒక ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. నాలుగో రోజున ఒక కుర్ర డాక్టరు వచ్చి వరుసగా ప్రశ్నలు వేశాడు. ఇవాళ డేట్ ఎంత అన్నాడు. అక్కయ్య తిథి చెప్పింది. ఇది ఎన్నో అంతస్తు అన్నాడు. "మంచం మీద తెచ్చి మంచం మీద వేశారు, అంతస్తు నాకేం తెలుసు" అంది. వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్ళమన్నాడు. "ఏ వందలోంచి నాయనా?" అని అడిగింది. కాగితం మీద వ్రాసినది చదివి అలాగే చేయమన్నాడు. కాగితాన్ని తిరగేసి చూసి ఇచ్చేసింది. ఏదైనా ఒక వాక్యం వ్రాయమన్నాడు. నవ్వి ఊరుకుంది. డిశ్చార్జి కాగితంలో ముప్పైకి పదకొండు అని వేసి, పక్కన డిమెన్షియా అని వ్రాశారు.

మా మేనల్లుడు చెడ్డవాడు కాదు. ఆసుపత్రి ఖర్చులతో నలిగి ఉన్నాడు. అమ్మకు మతి సరిగా లేదని కాగితమే చెబుతోంది కదా, పెన్షను ఖాతా తాను నడుపుతానన్నాడు. బ్యాంకుకు దరఖాస్తు కావాలి. దరఖాస్తు వ్రాయడంలో నా చేయి తిరిగినది. "సదరు పెన్షనరు మతిస్థిమితం కోల్పోయినందున" అని నేనే మొదలుపెట్టాను. వేలిముద్ర వేసేముందు చదివి వినిపిస్తానన్నాను. "నువ్వు వ్రాశావుగా తమ్ముడూ, ఇంక వినిపించడం ఎందుకు" అని వేలు చాపింది.

ఆ మాట అన్న మనిషికి మతి లేదని నేను ఎలా నమ్మాను? కాగితం మీద ఉంటే నమ్మడం నా ఉద్యోగం. నమ్మాను. తరువాతి నాలుగేళ్ళూ ఆమె వక్కలకు కూడా కోడలిని అడిగి తీసుకుంది. 2013లో పోయింది.

బల్లభ్‌గఢ్‌లో ఏం చేశారు?

ఆ కుర్ర డాక్టరు తప్పు ప్రశ్నలేవీ సొంతంగా కల్పించలేదు. అవి 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ అనే డాక్టరు, మరి ఇద్దరు కలిసి తయారుచేసిన ముప్పై మార్కుల పరీక్షలోనివి. ప్రపంచమంతా వాడే పరీక్ష అది. చదువుకున్నవారికి ఉపయోగమే. చదువు లేనివారికి అది జ్ఞాపకశక్తి పరీక్ష కాదు, బడి పరీక్ష.

ఈ సంగతి కనిపెట్టి సరిచేసిన పని మన దేశంలోనే జరిగింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ మేరీ గంగూలీ, ఢిల్లీ ఎయిమ్స్ వారు, ఇతరులు కలిసి హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో ఒక ఉమ్మడి పరిశోధన చేపట్టారు. 55 ఏళ్ళు దాటినవారు అయిదు వేల పైచిలుకు. వారిలో చాలామందికి అక్షరం రాదు. పరిశోధకులు అమెరికా పరీక్షను హిందీలోకి మక్కికి మక్కీగా దింపలేదు. ఒక్కొక్క ప్రశ్నా ఆ పల్లెవారి దగ్గర వాడి చూసి మార్చారు. ఇది ఉదయమా, సాయంత్రమా, ఏ ఋతువు అన్నారు. ఏ ఊరు, ఏ జిల్లా అన్నారు. వందలోంచి ఏడు బదులు, చదువురానివారు కూడా నోటితో చేయగల చిన్న లెక్క పెట్టారు. చదివి చేయమనే బదులు 'నా ముఖం చూసి నేను చేసినట్టు చెయ్యి' అన్నారు. వాక్యం వ్రాయమనే బదులు 'మీ ఇంటి గురించి ఒక మాట చెప్పు' అన్నారు. దాని పేరు హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. అచ్చయినది 1995లో.

1995! మా అక్కయ్యను ఆ మంచం మీద ప్రశ్నలడగడానికి పద్నాలుగేళ్ళ ముందు. జీవో ఎప్పుడో విడుదలైంది, కాపీ మాత్రం ఆ ఆసుపత్రికి చేరలేదు. హిందీదే కదా అనవచ్చు. తెలుగులో అడగడానికి ఎంత పని? మీ ఇంటి గురించి చెప్పమంటే మా అక్కయ్య తెల్లవారేదాకా చెప్పేది. ఆపరేషను అయిన కొద్దిరోజులు పెద్దవారిలో తాత్కాలికంగా కలవరం ఉండవచ్చనీ, అప్పుడు పెట్టిన పరీక్షను పట్టుకుని తీర్పు చెప్పకూడదనీ కూడా నాకు తరువాతే తెలిసింది. ఈ కాగితాలన్నీ మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా మనవరాలు 2022లో తెచ్చి చూపించింది. "తాతగారూ, పెద్దమామ్మకి ఇది పెట్టి ఉంటే సరిపోయేదేమో" అంది. నేను జవాబు చెప్పలేదు.

బల్లభ్‌గఢ్ ఫలితాలు పరిశోధకులనే ఆశ్చర్యపరిచాయి. 65 దాటినవారిలో ఏటా కొత్తగా అల్జీమర్స్ వచ్చేవారు వెయ్యికి 4.70. అదే బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలో మొనొంగహీల లోయలో చూస్తే వెయ్యికి 17.5. మనవారికి జబ్బు తక్కువ అని సంతోషించాలా? తొందరపడవద్దని వారే అన్నారు. జబ్బు వచ్చినవారు ఇక్కడ త్వరగా పోతూ ఉండవచ్చు, గమనించిన కాలం కూడా తక్కువే.

తప్పు రెండో వైపు కూడా

1998లో కొచ్చిలో వివిధ దేశాల పరిశోధకులు సమావేశమై మరో ఉమ్మడి బృందం పెట్టుకున్నారు. దాని పేరే ఒక లెక్క: '10/66'. ప్రపంచంలోని డిమెన్షియా రోగుల్లో 66 శాతం మంది వర్ధమాన దేశాలవారు, వారి మీద జరిగే పరిశోధన పది శాతం కూడా లేదు అని అర్థం. లండను కింగ్స్ కాలేజికి చెందిన మార్టిన్ ప్రిన్స్ దీనికి నాయకుడు. మన దేశంలో వెల్లూరు పల్లెలు, చెన్నై నగరం ఇందులో ఉన్నాయి. క్యూబా, మెక్సికో, పెరూ, చైనా వంటివి కూడా చేరాయి.

2008లో వీరు ప్రకటించిన ఫలితాల్లో, అంతర్జాతీయంగా వాడే వైద్య ప్రమాణం ప్రకారం మన పల్లెల్లో డిమెన్షియా 0.3 శాతం, క్యూబాలో 6.3 శాతం. కాని తాము కొత్తగా రూపొందించిన పద్ధతితో అవే పల్లెలను చూస్తే సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. ఎందుకు? వైద్య ప్రమాణం ప్రకారం, జబ్బు వల్ల మనిషి రోజువారీ పనులు చేసుకోలేకపోతున్నాడని ఇంటివారు చెప్పాలి. మన ఇళ్ళలో ముసలివారికి పనులు చెప్పరు. బియ్యం కొడుకు తెస్తాడు, బిల్లు మనవడు కడతాడు. పోగొట్టుకున్నది ఎవరికీ కనబడదు. కనబడినా 'వయసు మీద పడింది' అని ఊరుకుంటాం.

మా ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసిన ఒక మిత్రుడు నాకు గుర్తుకు వస్తాడు. ఇరవై ఏళ్ళ నాటి ఫైలు నంబరు నోటితో చెప్పిన మనిషి. రిటైరయ్యాక పాల ప్యాకెట్టుకు వెళ్ళి ఇంటికి దారి తప్పాడు. రెండుసార్లు, మూడుసార్లు. ఇంటివాళ్ళు వయసు అన్నారు, మేమూ వయసు అన్నాం. డాక్టరుకు చూపించేసరికి మూడేళ్ళు గడిచాయి. అంటే లేని జబ్బును అక్కయ్యకు అంటగట్టాం, ఉన్న జబ్బును మిత్రుడిలో చూడలేకపోయాం. రెండూ ఒకే తప్పు. మనిషిని సరిగ్గా అడగకపోవడం.

మన హైదరాబాదు నుంచి కూడా ఒక మంచి మాట ప్రపంచానికి వెళ్ళింది. నిమ్స్‌లో పనిచేసిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్‌తో కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకే భాష మాట్లాడేవారికంటె రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే హైదరాబాదు కాబట్టే ఈ సంగతి తేటగా తెలిసింది. అక్షరం రాని మనిషి బుర్రలో కూడా ఎంత సంపద ఉంటుందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

లాసీ – మన సర్వీసు రిజిస్టరు

ఇన్ని పాఠాలు నేర్చిన తరువాత మన దేశానికి కూడా మిషిగన్ తరహా పెద్ద సర్వే వచ్చింది. పూర్తి పేరు లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా, పొట్టిగా లాసీ. నడిపినది ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ. 1956లో పుట్టిన ఆ సంస్థకు 1985లో విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. దానితో చేయి కలిపినవి హార్వర్డ్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు. డబ్బు ఇచ్చినవారు మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ, అమెరికా వృద్ధాప్య జాతీయ సంస్థ, ఐక్యరాజ్య సమితి జనాభా నిధి.

2010లో కర్ణాటక, కేరళ, పంజాబ్, రాజస్థాన్‌లలో చిన్న ఎత్తున చేసి చూశారు. అసలు సర్వే మొదటి విడత 2017–18లో జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. 45 ఏళ్ళు దాటినవారు, వారి భార్యాభర్తలు కలిపి 72,250 మంది. వారిలో 60 దాటినవారు 31,464. ఫలితాలు 2021 జనవరి 6న విడుదలయ్యాయి. 60 దాటినవారిలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘకాలపు జబ్బు ఉందని తేలింది. దీనికి అనుబంధంగా ఎయిమ్స్‌తో కలిసి, నాలుగు వేలకు పైగా పెద్దలకు మతిమరుపు పరీక్షలు విడిగా చేశారు. ఇక్కడ వాడిన పరీక్షల్లో బల్లభ్‌గఢ్‌లో పుట్టిన ఆ హిందీ పరీక్ష కూడా ఉంది. ఇంటివారిని కూడా విడిగా ప్రశ్నించారు. 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవారికంటె ఆడవారిలో, పట్టణాలకంటె పల్లెల్లో ఎక్కువ.

ఆ సర్వే రోజుల్లో మా ఇంటికి కూడా ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ముందు ఒప్పుకోలు కాగితం చదివి వినిపించి, ఇష్టం లేకపోతే చెప్పనక్కర లేదంది. నా పిడికిలి బలం కొలిచింది, నడిపించి చూసింది, వేలి చివర రక్తం చుక్క తీసింది. పది మాటలు చదివి మళ్ళీ చెప్పమంది. అయిదు చెప్పాను. తరువాత, "తాతగారూ, వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్ళండి" అంది.

ముప్పై ఆరేళ్ళు జమాబందీ లెక్కలు చూసినవాణ్ణి. తొంభై మూడు అన్నాను. ఎనభై ఆరు అన్నాను. డెబ్భై తొమ్మిది అన్నాను. అక్కడ ఆగిపోయాను. లెక్క రాక కాదు, అక్కయ్య గొంతు వినబడింది. ఏ వందలోంచి నాయనా?

"పరవాలేదు తాతగారూ, ఒక్క ప్రశ్నతో ఏమీ తేల్చరు" అంది ఆ అమ్మాయి. ఆ మాట చెప్పేవారు 2009లో ఒక్కరున్నా బాగుండేది. అందులోనూ ఆ చెప్పవలసినవాడిని నేనే.

చివరగా మనవి

మిత్రులారా, అమెరికా విశ్వవిద్యాలయానికి మన మోకాళ్ళ నొప్పులతో ఏమి పని అని మన సమావేశంలో ఒకరిద్దరు అన్నారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఇంత వెతికిన తరువాత నాకు అర్థమైనది ఇది. పద్ధతి అక్కడ పుట్టింది. కాని అక్షరం రాని మనిషిని ఎలా అడగాలో వారికి నేర్పినది మన పల్లెల పెద్దవారే. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. మిగిలిపోయిన పని ఒక్కటే: తెలుసుకున్నది మన ఊరి ఆసుపత్రి మంచం దాకా చేరడం.

అందుకు మనం చేయగలిగినవి మూడు ఉన్నాయి. సర్వేవారు వస్తే గుర్తింపు కార్డు చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గుండ్రని అంకెలు చెప్పకండి. ఇంట్లో పెద్దవారికి దారి తప్పడం, చెప్పినదే చెప్పడం మొదలైతే వయసు అని కొట్టిపారేయకుండా వెంటనే చూపించండి. అలాగే ఒక్క పరీక్షతో మతి లేదని ఎవరైనా వ్రాస్తే, ఏ ప్రశ్నలు అడిగారు, ఏ భాషలో అడిగారు, పరీక్ష పెట్టిన రోజున మనిషి ఒంట్లో ఎలా ఉంది అని అడగండి. ఆ కాగితం ఆధారంగా వేలిముద్ర తీసుకునేముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. మన సంఘం వచ్చే వైద్య శిబిరంలో తెలుగులో ఇలా అడగగల డాక్టరును పిలిపించాలని కార్యదర్శి గారికి వ్రాతపూర్వకంగా ఇస్తున్నాను.

ఈ ఏడు కార్తీక బహుళ పంచమి నాడు నాకు డెబ్భై ఏడు నిండుతాయి. రిజిస్టరు ఏమన్నా సరే, ఇకనుంచి నేను ఆ తేదీనే లెక్కపెట్టుకుంటాను. సాక్షి సంతకం లేదు. వేలిముద్ర ఉండేది, దాన్ని నేనే వేరే కాగితం మీద వేయించాను.